49 నంబరు ఉత్తరం

పెళ్లయిన కొత్తలో, 1997లో, సెలవు అయిపోయి బయల్దేరే ముందు రోజు రాత్రి మా ఆవిడ ఒక మాట అడిగింది.

"బావా, ఉత్తరం రాసినప్పుడు పైన మూలకి నంబరెయ్యి. ఒకటి, రెండు, మూడు అని."

ఎందుకన్నాను.

"నాకు అచ్చరాలు రావు గానీ అంకెలొచ్చు కదా. ఎవరు సదివినా సదవకపోయినా ఇది ఎన్నోదో నాకు తెలుస్తాది. మద్దిలో ఒకటి రాకపోతే అదీ తెలుస్తాది."

ఆమె మా మేనమామ కూతురు. బడికి వెళ్లలేదు. కానీ జీడిపిక్కల తూకం దగ్గర ఎవరూ ఆమెని మోసం చెయ్యలేరు. మాది ఉద్దానం. పలాస నుంచి సముద్రం వైపు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఊరు. కొబ్బరి, జీడి, పనస. పొలం కొంచెమే, అందుకే ఇంటికో కుర్రాడు మిలిటరీకో, వలస పనికో వెళ్తాడు. నేను 1992లో ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేరాను. హైదరాబాద్ గోల్కొండలో ట్రైనింగ్. తర్వాత గన్ రెజిమెంట్.

ఆ రోజు నుంచి నేను రాసిన ప్రతి ఇన్‌ల్యాండ్ లెటర్ మీద నంబరు వేశాను. 1999 మే నెలలో సెలవు మీద ఇంటికొచ్చేసరికి 45 అయ్యాయి. 45 ఉత్తరాలూ వరసగా పేర్చి, రేకు పెట్టెలో చీరల కింద పెట్టుకుంది.

అది జీడిపిక్కలు ఏరే కాలం. మా పాపకి ఎనిమిదో నెల. తోటలో చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, మేమందరం పిక్కలు ఏరేవాళ్లం. కార్గిల్ అనే మాట రేడియోలో అప్పుడప్పుడే వినిపిస్తోంది. నాకు లోపల అనుమానం ఉంది గానీ ఇంట్లో అనలేదు. మే నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. సెలవు రద్దు, వెంటనే రిపోర్ట్ చెయ్యాలి. మా అమ్మ చేతిలోని బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఇల్లంతా ఆ కాగితం చుట్టూ తిరిగింది. దాని రంగు, అంటించిన పట్టీల మీద ఇంగ్లీషు అక్షరాలు, అన్నీ వాళ్ల కళ్లలో పడిపోయాయి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, అందుకే చెబుతున్నాను.

మర్నాడు పలాసలో హౌరా మెయిల్ ఎక్కాను. ప్లాట్‌ఫారం మీద మా నాన్న ఒక్క మాటే అడిగాడు. "నీ గన్ను ముందుంటాదా, ఎనకుంటాదా?"

"వెనకే నాన్నా. మా గన్నులు చాలా దూరం నుంచి కొడతాయి."

అది అబద్ధం కాదు. బోఫోర్స్ గన్ను ఇరవై కిలోమీటర్ల పైన కొడుతుంది. కానీ మనం కొట్టే దూరం నుంచే అవతలివాడూ కొడతాడని నాన్నకి చెప్పలేదు.

హౌరాలో హిమగిరి ఎక్కితే జమ్మూ. డబ్బాల్లో అంతా నాలాగే సెలవు సగంలో వదిలేసిన వాళ్లు. ఒకడు చెల్లెలి పెళ్లి పందిట్లోంచి వచ్చాడు. ఒకడు నాట్లకి నారు పోసి వచ్చాడు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. జమ్మూ ట్రాన్సిట్ క్యాంపులో 46 రాశాను. మా రెజిమెంట్ అప్పటికే లోయలోంచి పైకి కదిలిపోయింది. కాన్వాయ్‌లో శ్రీనగర్, అక్కడి నుంచి సోనామార్గ్. అక్కడ 47.

పైకి వెళ్లే ముందు జరిగిన ఒక పని గురించి వివరంగా చెప్పాలి. కొత్తగా చేరే కుర్రాళ్లు ఇది చదివితే వాళ్లకి ఉపయోగం.

టెంటులో క్లర్కు ఒక్కొక్కరినీ పిలిచి కాగితాలు చూశాడు. గుర్తింపు బిళ్లలు మెడలో ఉన్నాయా, బ్లడ్ గ్రూప్ సరిగ్గా ఉందా, నెక్స్ట్ ఆఫ్ కిన్, అంటే దగ్గరి బంధువు, ఎవరు, వీలునామా రాశావా. మామూలు రోజుల్లో ఈ కాగితాలంటే ఎవరికీ పట్టదు. ఆ రోజు ప్రతివాడూ తన కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. నా దాంట్లో పెళ్లి పార్ట్ టూ ఆర్డర్ అయి ఉంది గానీ, పాప పుట్టినట్టు ఎక్కడా లేదు. ఆర్మీ లెక్కలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే రికార్డులో ఆ మనిషి లేనట్టే. తర్వాత ఏ కాగితం పని వచ్చినా ఇంట్లోవాళ్లు తిరగాల్సిందే. పాప పుట్టిన సర్టిఫికెట్ పంచాయతీ నుంచి ఈ సెలవులోనే తెచ్చుకున్నాను. అదృష్టం, బ్యాగులో బట్టల మధ్య ఉండిపోయింది. తీసి ఇచ్చాను. మా ఆవిడ పేరు నా రికార్డులో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉంది. అదీ ఆ టెంటులోనే రాయించాను. క్లర్కు మంచివాడు, విసుక్కోలేదు. "ఘర్ పే బతా దేనా" అన్నాడు. ఇంట్లో చెప్పమని. ఇంటికి ఏమని చెప్తాను? నేను పోతే నీకు ఇబ్బంది లేకుండా పేరు దిద్దించానని చెప్పాలా? పాప పేరు మిలిటరీ పుస్తకంలో ఎక్కిందని మాత్రం 47లో రాశాను. ఊళ్లో అది గొప్పగా చెప్పుకున్నారట.

మా తోటలోంచి చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. దాదాపు 5 వేల అడుగులు. చిన్నప్పుడు అంతకంటే పెద్ద కొండ ఉంటుందని నేను నమ్మలేదు. జోజిలా కనుమ ఒక్కటే 11,500 అడుగుల పైన. దాన్ని దాటి దిగితే ద్రాస్. అక్కడ రోడ్డు మీద నిలబడి తలెత్తితే తోలోలింగ్, దాని వెనక టైగర్ హిల్. 15, 16 వేల అడుగుల ఎత్తులో శత్రువు కూర్చుని కింద రోడ్డు మీద పోయే ప్రతి లారీనీ చూస్తున్నాడు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు అది. లారీలు రాత్రిపూట లైట్లు ఆర్పుకుని పోయేవి. మా గన్ పొజిషన్ ఆ రోడ్డు పక్కనే, మతాయిన్‌కీ ద్రాస్‌కీ మధ్య.

గన్ను మీద నేను లేయర్‌ని. దిశ, ఎత్తు పెట్టడం నా పని. గుండు ఒక్కొక్కటి 43 కిలోల బరువు. మొదటి రోజుల్లో నాలుగు గుళ్లు మొయ్యగానే ఊపిరి అందేది కాదు. గాలి పలచన కాబట్టి మనిషికి కష్టం గానీ, గుండుకి తేలిక. కింద పట్టికలో ఉన్న దూరం కంటే ఎక్కువ పోతుంది. అందుకని లెక్కలన్నీ అక్కడ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ముందు కొండ మీద ఓపీలో, అంటే గుళ్లు పడే చోటు చూసే స్థావరంలో, ఉన్న ఆఫీసరు గుండు ఎక్కడ పడిందో చూసి రేడియోలో చెప్తాడు, మేం దిద్దుకుంటాం. పైన మన కాల్బలం పాకుతూ ఎక్కుతోంది. మా గుండు కొంచెం తేడా పడితే మనవాళ్ల మీదే. ఆ భయం చావు భయం కంటే పెద్దది. ఇది నేను ఇప్పటికీ అనుకుంటాను. జూన్ 13న తోలోలింగ్ మనకి దక్కింది. ఆ తెల్లవారుజామున రేడియోలో మాట వినగానే మా నంబర్ వన్, అంటే గన్నుకి పెద్ద అయిన హవల్దార్, బారెల్‌ని చేత్తో తట్టి, చెయ్యి కాలి వెనక్కి తీసుకున్నాడు.

అవతలి గుళ్లూ మా మీద పడేవి. రాళ్లు పేర్చుకున్న బంకర్లలో దూరేవాళ్లం. బొబ్బిలి వైపు కుర్రాడు ఒకడు మా పక్క గన్ను మీద ఉండేవాడు. ఒక సాయంత్రం వాడి కుడిచేతికి పేలిన గుండు ముక్క తగిలింది. కిందకి పంపేలోపు నా చేత ఉత్తరం రాయించుకున్నాడు. "అన్నా, వేలికి కత్తి గీసుకుంది, అందుకే వేరే వాళ్లు రాస్తున్నారు అని రాయి." నేను అలాగే రాశాను. మా ఊళ్లో మా ఎదురింటి పిల్ల మా ఆవిడ చెప్పింది ఎలా రాస్తుందో, ఇక్కడ నేను వాడికి అలా రాశాను. ఎవరి మాట ఎవరి చేతి రాతలో పోతోందో అనిపించింది.

ఉత్తరాల సంగతికి వస్తాను. అడ్రసు ఒకటే, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఎక్కడ ఉన్నామో రాయకూడదు, ఏం చేస్తున్నామో రాయకూడదు. అదొక మేలు, అబద్ధం చెప్పే పని తప్పింది. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ చలి. తిండి బాగుంది." అంతే. పైగా నా ఉత్తరం చదివేది మా ఆవిడ కాదు. ఎదురింటి ఎనిమిదో తరగతి పిల్ల అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతుంది. అమ్మ, నాన్న, తమ్ముడు, చుట్టుపక్కల నలుగురు వింటారు. భార్యకి రాయాల్సిన మాట ఒక్కటీ అందులో రాయడానికి లేదు. ఆ నంబరు ఒక్కటే మా ఇద్దరిదీ. మూల చుక్క పెట్టి అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టేవాణ్ణి.

అటు నుంచి వచ్చే ఉత్తరం చేరేసరికి పద్దెనిమిది, ఇరవై రోజులు. ఒక్కోసారి ఏమీ ఉండదు, ఒక్కోసారి మూడు కలిసి వస్తాయి. "డాక్ ఆయా" అని కేక వినిపిస్తే ఎంత అలసటగా ఉన్నా లేచేవాళ్లం. ఒకదాంట్లో పాప రెండడుగులు వేసి పడిందని ఉంది. టార్చికి గుడ్డ కట్టి ఆ వాక్యం చాలాసార్లు చదివాను. అప్పటికి ఆ అడుగులు వేసి పద్దెనిమిది రోజులు. ఈపాటికి వాకిలి దాకా నడుస్తూ ఉంటుంది. నేను చదివేది ఎప్పుడూ పాత పాపనే.

జూన్ మధ్యలో 48 రాశాను. జూలై 3 మధ్యాహ్నం 49.

ఆ రోజు సాయంత్రం నుంచి టైగర్ హిల్ మీద గన్నులన్నీ ఒకేసారి మోగాయి. ఎన్ని గుళ్లు వేశామో లెక్క గన్ను పుస్తకంలో ఉంటుంది, నా తలలో లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నా ఆగలేదు. నా ఎడమ చెవి ఆ నెలల్లోనే పోయింది. ఇప్పుడు మా ఆవిడ కుడివైపు కూర్చునే మాట్లాడుతుంది. తెల్లవారాక, 4వ తేదీన, శిఖరం మనదైందని కబురు. మావాళ్లు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. అప్పటికి పైన ఎంతమంది పోయారో మాకు తెలుసు. వారం ముందే, జూన్ 28న, హైదరాబాద్‌కి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఆ కొండల్లోనే నేలకొరిగారు. తర్వాత ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ యుద్ధంలో మొత్తం 527 మంది. ఒక్కొక్క అంకె వెనకా ఒక ఇల్లు, ఒక అరుగు, ఉత్తరం చదివే ఒక పిల్ల ఉంటుంది.

టైగర్ హిల్ తర్వాత రెండు రోజులకి మా లారీ ఒకటి శ్రీనగర్ వెళ్తోంది. దేశమంతా టీవీల్లో ఆ కొండనే చూపిస్తున్నారని డ్రైవర్ చెప్పాడు. ఇంట్లో కంగారు పడుతుంటారు, ఉత్తరం చేరేసరికి ఇరవై రోజులు, టెలిగ్రాం అయితే రెండు మూడు రోజుల్లో అందుతుంది అనుకున్నాను. చీటీ మీద ఇంగ్లీషులో "సేఫ్, లెటర్ ఫాలోస్", క్షేమం, వెనక ఉత్తరం వస్తుంది అని రాసి, డబ్బులిచ్చి, శ్రీనగర్ టెలిగ్రాఫ్ ఆఫీసులో ఇవ్వమన్నాను. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది. యుద్ధంలో నేను చేసిన తెలివైన పని అదేననుకున్నాను.

జూలై 26న యుద్ధం ముగిసిందన్నారు. మాకు వెంటనే దిగడం కుదరలేదు. ఆగస్టులో కిందకి వచ్చాక ఎస్టీడీ బూత్ దొరికింది. "ఫలానా ఆదివారం రాత్రి కాశీబుగ్గ బూత్ దగ్గర ఉండండి" అని ముందే ఉత్తరంలో రాశాను. బూత్‌లో ఫోను అమ్మ తీసుకుంది. "నాయినా" అని ఒక్క మాట అని ఇంక మాట్లాడలేదు. మీటరు తిరుగుతోంది. నాన్న తీసుకుని, "తిన్నావా? సరే, పెట్టేస్తన్నాం, డబ్బులవుతాయి" అన్నాడు. మా ఆవిడ వంతు వచ్చేసరికి అంది, "నలభై తొమ్మిది రాలేదు."

యాభై అందిందా అన్నాను. "యాభై వచ్చింది. నలభై తొమ్మిదే రాలేదు." లైను కట్ అయింది.

సెప్టెంబరులో సెలవు దొరికింది. పలాసలో దిగేసరికి తమ్ముడు సైకిల్‌తో నిలబడి ఉన్నాడు. ఇంటి ముందు పాప తులసికోట పట్టుకుని నన్ను చూసి ఏడ్చి లోపలికి పరిగెత్తింది. పరిగెత్తడం వచ్చేసింది. నా దగ్గరికి రావడానికి ఐదు రోజులు పట్టింది. అమ్మ ఆ ఆదివారమే మొక్కు చెల్లించాలని అరసవల్లి తీసుకెళ్లింది. అదంతా బాగానే జరిగింది.

టెలిగ్రాం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనే ఒక రాత్రి గర్వంగా అడిగాను, అందిందా అని. అమ్మ లేచి వెళ్లిపోయింది. నాన్న చుట్ట ఆర్పేశాడు. తర్వాత తమ్ముడు కొంత, మా ఆవిడ కొంత చెప్పారు.

మధ్యాహ్నం పూట సైకిల్ మీద మనిషి వచ్చి మా పేరు అడిగాడట. చేతిలో అదే కాగితం. మేలో చూసిన అదే రంగు, అవే పట్టీలు. యుద్ధం రోజుల్లో జవాను ఇంటికి టెలిగ్రాం ఎందుకొస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. అమ్మ వాకిట్లోనే కూలబడింది. ఊరు ఊరంతా వచ్చేసింది. తమ్ముడు విప్పబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పకండి. కాసేపు అలగే ఉండనీండి."

అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా మీద కొబ్బరి చిప్ప పెట్టారట. నాన్న దాని పక్కనే కూర్చున్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. విప్పనంత సేపూ కొడుకు ఉన్నట్టే కదా అని ఆయన లెక్క. గంట పైన అలా గడిచింది. ఆ గంటని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. నా మీద గుళ్లు పడినప్పుడు కూడా అంత సేపు ఎవరూ అలా కూర్చోలేదు.

చివరికి ఎదురింటి పిల్ల బడి నుంచి వచ్చింది. పుస్తకాల సంచి భుజం మీద ఉండగానే దాన్ని విప్పించారు. ఆ పిల్ల వణుకుతూ ఒక్కో అక్షరం చదివింది. ఎస్, ఏ, ఎఫ్, ఈ. "సేఫ్" అంది. సేఫ్ అంటే ఏటి అని పదిమంది ఒకేసారి అరిచారు. "బాగున్నారని" అని చెప్పి, ఆ పిల్ల కూడా ఏడ్చేసింది.

నేను మాట్లాడలేకపోయాను. నిద్రపోయిన పాపని మా ఆవిడ పక్కన పడుకోబెట్టి, నెమ్మదిగా అంది.

"నాకూ అలగే అనిపించింది బావా. అందరూ ఏడుస్తుంటే నేను మూల సూసాను. దాని మీద నంబరు నేదు. నంబరు నేదంటే నువ్వు అంపింది కాదనుకున్నాను. ఇంకెవలో అంపారు, నీ గురించి."

లేచి రేకు పెట్టె తెచ్చింది. దీపం దగ్గర కట్ట విప్పి చూపించింది. 46, 47, 48. తర్వాత మడతలు పడ్డ ఆ టెలిగ్రాం. దాని మూల పెన్సిల్‌తో 49 అని వేసి ఉంది. వంకరగా, చుట్టూ సున్నా చుట్టి. తర్వాత 50, 51.

"అసలుది రానేదు కదా. దాని జాగాలో ఇది పెట్టాను" అంది. "ఆ నలభై తొమ్మిదిలో ఏటి రాసావు?"

"బాగున్నానని" అన్నాను.

తర్వాత నేను ఎక్కడ పోస్టింగ్‌లో ఉన్నా ఇంటికి టెలిగ్రాం ఇవ్వలేదు. 2013లో దేశంలో టెలిగ్రాం సర్వీసు ఆపేశారని వార్త చదివినప్పుడు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు. ఆ సెలవు తర్వాత మా ఆవిడ ఎదురింటి పిల్ల దగ్గరే అక్షరాలు దిద్దుకుంది. నాలుగేళ్లకి తన ఉత్తరాలు తనే రాసింది. మొదటిది నాలుగు వరసలు, అందులో పాప పేరు తప్ప మిగతా అన్నీ తప్పులే. ఆ పేరు ఎక్కడా తప్పు పడకూడదని వందసార్లు రాసి నేర్చుకుందట. హవల్దారుగా రిటైరై వచ్చేసరికి నా ఉత్తరాల నంబరు 200 దాటింది. మధ్యలో సెల్‌ఫోన్లు వచ్చి ఆగిపోయాయి.

49 ఎక్కడ పోయిందో తెలియదు. ఆ మధ్యాహ్నం డాక్ సంచిలో నా చేతులతోనే వేశాను. అందులో నేను బాగున్నానని రాయలేదు.

టైగర్ హిల్ మీద దాడి ఆ రాత్రేనని మాకు తెలుసు. అరుగు మీద గట్టిగా చదువుతారనీ, అమ్మా నాన్నా తమ్ముడూ అందరూ వింటారనీ తెలుసు. అందరూ వినాలనే రాశాను. పాపని చదువు ఆపకుండా చదివించమన్నాను. తోట పంపకంలో వదినని బాధ పెట్టొద్దని తమ్ముడికి రాశాను. తర్వాత మా ఆవిడకి రాశాను. నేను రాకపోతే నువ్వు ముండమోపిలా మూల కూర్చోవద్దు, బొట్టు తీయవద్దు, నీకు ఇరవై రెండేళ్లే, మంచివాడు దొరికితే మళ్లీ పెళ్లి చేసుకో, ఎవరైనా కాదంటే ఈ ఉత్తరం చూపించు, ఇది నా మాట అని. మామూలుగా మూల వేసే 49 ఆ రోజు పెద్దగా వేశాను, ఉత్తరం నీదేనని నీకు తెలియాలని.

ఇప్పుడు నీకు చదవడం వచ్చు. ఇది చదివాక నన్నేమీ అడగకు. టెలిగ్రాంని దాని చోట అలాగే ఉండనీ.